చాప దగ్గర ఆగిపోతోంది

“అక్కా, చాప దగ్గర ఆగిపోతోంది.”

ఆక్లండ్ నుంచి వైయోలా ఫోను చేసి ఈ మాట అనేసరికి నాకు ఒళ్ళు మండింది. అప్పటికే ఆ వీడియోను రెండుసార్లు సరిచేసి పంపాను. మా దీవుల రాజధాని ఆపియాలో మార్కెట్ వెనక వీధిలో, టైర్ల దుకాణం మేడ మీద ఒక గది నాది. పెళ్ళిళ్ళు, చావులు, చర్చి పాటల పోటీలు, ఎవరు ఏం తీసుకొచ్చినా కోసి, అతికించి, బయటి దేశాల్లో ఉన్న బంధువులకు పంపడం నా పని. మా వాళ్ళు దీవుల్లో ఉన్నవాళ్ళకంటే బయట ఉన్నవాళ్ళే ఎక్కువ కాబట్టి పనికి కొదవ లేదు. పెళ్ళి వీడియోలో తప్పు దొర్లితే తిట్లతో పోతుంది. ఈ వీడియోలో తప్పు దొర్లితే ఇళ్ళు తగలబడతాయి.

“నీ ఫోనులో జాగా లేదేమో చూసుకోవమ్మా” అన్నాను, కోపం కనబడనివ్వకుండా.

“ఫోనులో కాదక్కా, టీవీలో పెట్టి చూశాను. మా ఆయన కూడా చూశాడు. బొమ్మ ఆగిపోతోంది, శబ్దం మాత్రం నడుస్తోంది. ఎవరో దగ్గుతున్నారు కూడా.”

“సరే, చూస్తానులే.”

“ఒక్క ముక్క కూడా కొయ్యకక్కా. ముందే చెప్పాను కదా. వాళ్ళు ఎంతసేపు మోకాళ్ళ మీద ఉన్నారో అంతసేపూ నేను చూడాలి. చూశాకే నా మాట చెప్తాను.”

ఆ మాట కోసమే రెండు కుటుంబాలు ఎదురుచూస్తున్నాయి.

వైయోలా తమ్ముడు యెరోమె. సాయంత్రం ప్రార్థన వేళకు తీరం రోడ్డు వెంట ఇంటికి నడిచి వస్తుంటే ఇసాకో అనేవాడు తాగిన మత్తులో ట్రక్కుతో గుద్దాడు. గుద్ది ఆపకుండా పోయాడు. కాసేపటికి బుద్ధి వచ్చి వెనక్కి తిరిగి వచ్చేసరికి యెరోమె ఒంటరిగా రోడ్డు పక్క ఇసుకలో చచ్చి పడి ఉన్నాడు. ఇసాకోను పోలీసులు పట్టుకెళ్ళారు. అది ప్రభుత్వం చూసుకునే సంగతి. ఊరు చూసుకునేది వేరే ఉంది.

శవాన్ని పాతిపెట్టిన మర్నాడు, ఇంకా చీకటి ఉండగానే, ఇసాకో తాత మౌగతై తన వాళ్ళందరినీ వెంటబెట్టుకుని యెరోమె ఇంటి ముందుకు వచ్చాడు. ఆ కుటుంబానికి ఆయనే పెద్ద. వాకిట్లో మోకాళ్ళ మీద కూర్చుని, నేల దాకా వంగి, తల మీంచి సన్నచాప కప్పుకున్నాడు. మొగలి నారతో ఏళ్ళ తరబడి అల్లిన చాప, పట్టుబట్టంత మెత్తన, అంచున ఎర్ర ఈకలు. దాని అర్థం మాలో పసిపిల్లలకు కూడా తెలుసు. మా వాడు మీ వాణ్ణి చంపాడు, ఇదిగో నా మెడ, మీ ఇష్టం. ఇంట్లోవాళ్ళు బయటికి వచ్చి చాప తీస్తే క్షమించినట్టు. కత్తి పట్టుకుని వస్తే, అదీ వాళ్ళ ఇష్టమే. చాప మీద చెయ్యి వేసే హక్కు ఆ ఇంటివాళ్ళకు తప్ప ఇంకెవరికీ లేదు. వెంట వచ్చినవాళ్ళు దాన్ని ముట్టుకోకూడదు, కింద ఉన్న మనిషిని పలకరించకూడదు, గుక్కెడు నీళ్ళు కూడా ఇవ్వకూడదు.

ఎండ బాగా ముదిరాక వైయోలా పెదనాన్న బయటికి వచ్చి చాప తీశాడు. మౌగతైని కౌగలించుకుని క్షమించానన్నాడు. ఎండకు సొమ్మసిల్లిన ముసలాయన్ని చేతుల మీద లోపలికి తీసుకెళ్ళారు. లోపల కాసేపటికే ప్రాణం పోయిందట. క్షమాపణ అందుకున్నాకే కన్నుమూశాడు, పుణ్యాత్ముడు అని ఊరంతా చెప్పుకుంది. పాస్టరు గారు ఆదివారం దాని మీదే ప్రసంగం చేసి అందరినీ ఏడిపించారు.

ఇక మిగిలింది వైయోలా ఒక్కతే. మాలో అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ మాట జవదాటరు. ఆడపడుచు కడుపు మండి ఒక మాట అంటే అది పిల్లల పిల్లలకు తగులుతుందని మగవాళ్ళంతా హడలిపోతారు. వీసా కాగితాలు ఆఫీసులో చిక్కుకుపోయి ఆమె రాలేకపోయింది. తమ్ముడి ముఖం చూడలేదు, మట్టి వెయ్యలేదు. “నా కళ్ళతో చూసి సరిపోయింది అనేదాకా ఏదీ అయిపోయినట్టు కాదు” అని కబురు పెట్టింది. ఆమె మిగతా తమ్ముళ్ళిద్దరూ కొబ్బరితోట కత్తులు నూరి గడప పక్కన పెట్టుకుని కూర్చున్నారు. అక్క సరేనంటే తోటకు, కాదంటే ఇసాకో వాళ్ళింటికి.

ఇలాంటి పని నా నెత్తిన పడటానికి కారణం మా మరిది ఫలనికో. చాప తంతు అంతా కెమెరాలో పట్టింది అతనే. సీమపనస చెట్టు పక్కన స్టాండు మీద కెమెరా నిలబెట్టి, మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా నడిపించాడు. ఆ మేరకు మెచ్చుకోవాలి. కానీ అలా ఆపకుండా నడిపిస్తే కెమెరా దాన్ని ముక్కలు ముక్కలుగా దాచుకుంటుంది. ఒక్కో ముక్కకు ఒక నెంబరు. నెంబర్లు నిండిపోతే మళ్ళీ ఒకటి నుంచి మొదలు. ఖర్మ కాలి సరిగ్గా ఆ పొద్దున్నే ఆ నెంబర్లు నిండాయి. సాఫ్ట్‌వేర్‌కు మనుషుల బాధ ఏం తెలుసు, ఒకటో నెంబరు ముందు వస్తుందనుకుని మధ్యాహ్నాన్ని మొదట పెట్టి, తెల్లవారుజామును చివర పడేసింది. నేనూ అన్ని గంటల వీడియోను కూర్చుని చూడకుండా పంపేశాను.

“ముందు క్షమించేసి తర్వాత మోకాళ్ళ మీద కూర్చోబెట్టారా మా వాళ్ళు?” అని వైయోలా అడిగినప్పుడు నాకు తల తీసేసినట్టయింది.

“నీ కెమెరా పాడుగాను” అని ఫలనికో మీద పడ్డాను.

“కెమెరా ఏం చేసింది వదినా, నువ్వు చూడకుండా పంపితే?”

“ఏడిశావులే. చెట్టు నీడన కూర్చుని రొట్టెలు మింగుతున్నప్పుడు ఒక్కసారి కెమెరా వంక చూసి ఉంటే తెలిసేది.”

“అందరూ మోకాళ్ళ మీద ఉంటే నేను రొట్టెలు తింటానా? నీళ్ళు కూడా తాగలేదు తెలుసా!” అని అలిగాడు. అది నిజమే అయ్యుంటుంది. తిండి విషయంలో ఫలనికో అబద్ధం చెప్పడు.

ముక్కలన్నీ వరసలో పెట్టి రెండోసారి పంపాను. ఈసారి మధ్యలో ఒకచోట నల్లటి ఖాళీ వచ్చింది. ఒక ముక్కను నేనే వేరే డిస్కులోకి మార్చి మర్చిపోయాను. సాఫ్ట్‌వేర్ దాని కోసం పాత చోట వెతుక్కుని, దొరక్క, ఆ జాగాలో చీకటి పెట్టింది. నా కంటికి అది చిన్న పొరపాటు. వైయోలా తమ్ముళ్ళిద్దరిలో ఒకడికి మాత్రం అలా కనిపించలేదు. అక్క చెప్పగానే అతను బస్సెక్కి ఆపియా వచ్చి, నా గది గుమ్మంలో నిలబడి, “ఆ చీకట్లో వాళ్ళు లేచి కాళ్ళు చాపుకున్నారా? నీళ్ళు తాగారా? ఎవరు కొయ్యమన్నారు నిన్ను?” అని అడిగాడు. గొంతు పెంచలేదు. పోయిన ముక్కను అతని కళ్ళ ముందే వెతికి, దాని చోట పెట్టి చూపించాను. అందులో ఎవరూ లేవలేదు. మోకాళ్ళ మీద ఉన్నవాళ్ళు ఉన్నట్టే ఉన్నారు. అతను తల ఊపి వెళ్ళిపోయాడు, నేను దాన్ని మళ్ళీ ఆక్లండ్‌కు పంపాను.

ఇదిగో ఇప్పుడు మూడోసారి, చాప దగ్గర ఆగిపోతోందట.

ఆమె చెప్పిన చోటు తెరిచాను. నిజంగానే ఆగిపోయినట్టుంది. వాకిలి, మోకాళ్ళ మీద మనుషులు, మధ్యలో చాప కింద గుండ్రంగా మౌగతై వీపు. సాఫ్ట్‌వేర్ తన దగ్గర దాచిపెట్టుకున్న పాత నమూనాలన్నీ చెరిపేసి మళ్ళీ చూశాను. అలాగే ఉంది. ముక్కను కెమెరా కార్డులోంచి కొత్తగా దించుకుని చూశాను. అలాగే ఉంది. అప్పుడు తెర మూలన ఒక కోడి పిల్లలతో వచ్చి చాప పక్కన మట్టి గీకింది. చాప అంచు ఈకలు గాలికి అల్లాడాయి. అంటే బొమ్మ ఆగలేదు. ఏమీ జరగడం లేదు, అంతే. కదలకుండా ఉన్నవాళ్ళను చూసి ఈవిడ ఆగిపోయింది అంటోంది, ఆక్లండ్ వెళ్ళాక మనుషులు కదలకుండా కూర్చోవడం మర్చిపోయిందేమో అని నవ్వుకున్నాను కూడా.

అయినా గట్టిగా చెప్పాలంటే చూసుకోవాలి కదా. ఇలాంటి అనుమానం వస్తే మా పనిలో ఒక పద్ధతి ఉంది. ముక్కను బాగా వేగంగా నడిపిస్తే నిజంగా ఎక్కడైనా అతుక్కుపోయిందేమో ఇట్టే దొరుకుతుంది. నడిపించాను.

వేగంలో అంతా మారిపోయింది. రాళ్ళలా కనిపించినవాళ్ళు రాళ్ళు కారు. ఆడవాళ్ళు ఒక మోకాలి మీంచి ఇంకో మోకాలి మీదికి బరువు మార్చుకుంటున్నారు. ముసలివాళ్ళ భుజాలు వణుకుతున్నాయి. సీమపనస నీడ వాకిట్లో పాకుతోంది. చాప పొంగుతోంది, తగ్గుతోంది. నిద్రపోయే పసిపిల్ల పొట్టలా పొంగడం, తగ్గడం. చాలాసేపు అలాగే సాగింది. నీడ చాప మీంచి తొలగిపోయి ఎండ పడ్డాక పొంగడం తొందరగా, చిన్నగా అయింది. తర్వాత చాప ఎడమ పక్కకు కొంచెం ఒరిగింది. అంతే. ఆ తర్వాత పొంగలేదు.

చుట్టూ మనుషులు కదులుతూనే ఉన్నారు. నీడ పాకుతూనే ఉంది. కోడి వచ్చి పోయింది. చాప ఒక్కటే ఆగిపోయింది. అలా ఎంతో సేపు గడిచాక ఇంట్లో దించిన తెరల వెనక ఒక ఫోను మోగింది, ఏదో కీర్తన బాణీ. లోపల గుసగుసలు. ఆ తర్వాతే పెదనాన్న బయటికి వచ్చాడు.

నేను కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను. కింద టైర్లు దొర్లిస్తున్న చప్పుడు. మళ్ళీ వచ్చి కూర్చుని నెమ్మదిగా చూశాను. తప్పేం లేదు. నా కళ్ళలోనూ లేదు, సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు. క్షమించిన చేతులు చాప తీసేటప్పటికే ముసలాయన పోయి చాలాసేపయింది. తన వాళ్ళందరి మధ్యా పోయాడు. వాళ్ళు ముట్టుకోకూడదు, ఇంట్లోవాళ్ళు ముట్టుకోలేదు. కదలకపోవడం భక్తి అనుకున్నారు అందరూ. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆయన నాకేమీ కాడు, ఒక్కసారి కూడా మాట్లాడి ఎరగను, అయినా వెక్కి వెక్కి ఏడ్చాను.

ఫలనికోను పిలిచి చూపించాను. ఎప్పుడూ ఏదో ఒకటి వాగే మనిషి, ఆ ముక్కను తనే వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు.

“వదినా, నేను అక్కడే ఉన్నాను. ఇంత దూరంలో” అన్నాడు చివరికి, చెయ్యి చాచి చూపిస్తూ.

“నువ్వేం చేస్తావురా, ఎవరికి తెలుసు.”

“పెనితోవా అన్నకు చెప్పాలి.”

“చెప్తే ఏమవుతుందో తెలుసా నీకు?”

“చెప్పకపోతే నాకు అన్నం దిగదు” అన్నాడు. ఫలనికో భార్య మౌగతై వాళ్ళ వైపు మనిషి. వద్దన్నా వినడని తెలిసి ఊరుకున్నాను.

పెనితోవా మౌగతై పెద్దకొడుకు, ఇసాకో తండ్రి. తండ్రి పోయాక కుటుంబానికి ఇప్పుడు అతనే పెద్ద. మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. మనిషి కొండలా ఉంటాడు, మెట్లెక్కేసరికి ఆయాసపడుతున్నాడు. నేను వీడియో పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

“వద్దు చెల్లెమ్మా. నాకు తెలుసు.”

“తెలుసా?”

“ఎత్తుకున్నది నేనే కదా. చేతులు బిగుసుకుపోయి ఉన్నాయి. చాప తీసినాయనకీ తెలుసు. తీయగానే చూశాడు. నా వంక చూశాడు. అప్పుడు మా నాన్న భుజం మీద మొహం పెట్టి, ఊరందరికీ వినబడేలా ‘క్షమించాను పెద్దాయనా, లే, లోపలికి రా’ అన్నాడు. శవంతో అన్నాడు. నేను కూడా ‘రా నాన్నా’ అన్నాను. మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలీదు.”

మంచినీళ్ళు ఇస్తే తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

“ఇప్పుడు నేనేం చెయ్యను అన్నా? ఆ అమ్మాయి ఆగిపోతోందంటోంది.”

“ఊపిరి తీయించు.”

“ఏంటి?”

“మా నాన్నతో. నువ్వు చెయ్యగలవని ఫలనికో చెప్పాడు. చాప తీసేదాకా ఊపిరి ఉన్నట్టు చెయ్యి.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “నేనెవర్ని అనుకుంటున్నారు మీరంతా? దేవుణ్ణా? చచ్చినాయన్ని పట్టుకుని తోలుబొమ్మలాట ఆడించమంటావా? నీ కన్నతండ్రే కదా!”

“నా తండ్రే” అన్నాడు. “నాకు నలుగురు తమ్ముళ్ళు. క్షమించాక పోయాడు అనుకుంటేనే వాళ్ళు అన్నం తింటున్నారు. ఎండలో కుక్కలా పడి చచ్చిపోతే లోపల తెరలు దించుకుని కూర్చున్నారని తెలిస్తే, ఆ ఇంట్లో ఒక్కణ్ణి కూడా మిగల్చరు. అప్పుడు వాళ్ళూ ఊరుకోరు. యెరోమె పోయాడు, మా నాన్న పోయాడు. మూడోవాడు ఎవడు చెల్లెమ్మా? జైల్లోంచి వచ్చిన రోజున నా ఇసాకోనే.”

అంత పెద్ద మనిషి, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఏడుస్తున్నాడు. “మా నాన్న దేని కోసం మెడ వంచాడో అది దక్కనీ” అన్నాడు. సరేనని కుర్చీ తెర వైపు తిప్పుకున్నాను.

పని చెప్తే సులువుగానే ఉంటుంది. పొద్దున చాప కదులుతున్న ముక్కను తీసుకుని, చాప మేరకే కత్తిరించి, మధ్యాహ్నం ముక్క మీద అతికించడం. చేస్తుంటే తెలుస్తుంది. పొద్దుటి వెలుగు నీలంగా ఉంటుంది, మధ్యాహ్నం తెల్లగా ఉంటుంది. రంగు కలపాలి. చాప ఒరిగిన చోట అంచు అతకదు. ఒకే ఊపిరిని మళ్ళీ మళ్ళీ వాడితే ఆక్లండ్‌లో ఎవరైనా పట్టేస్తారు. అందుకని పొడుగు ఊపిరి ఒకటి, పొట్టి ఊపిరి ఒకటి, మధ్యలో దగ్గు వచ్చినట్టు ఒక కుదుపు, ఇలా ఏరుకుంటూ పోయాను. ఈకలు గాలికి ఆడే చోట జాగ్రత్తగా వదిలేశాను. ఒక దశలో ఆ మనిషి ఊపిరి నాకు ఎంత అలవాటైపోయిందంటే, నా ఊపిరి కూడా దానితో కలిసి నడవడం గమనించి కుర్చీ వెనక్కి తోసి లేచిపోయాను. నా చేతుల మీదుగా ఇంత బాగా కుదిరిన పని ఇంకోటి లేదు. ఇంత అసహ్యం వేసిన పనీ లేదు.

పూర్తయ్యాక ఫలనికోకు చూపించాను. కోడి వచ్చి మట్టి గీకింది. దాని పక్కన చాప పొంగింది, తగ్గింది.

“బతికే ఉన్నాడు వదినా” అన్నాడు. అని వెంటనే నోరు మూసుకున్నాడు.

“అసలుది చెరిపెయ్యమన్నాడు పెనితోవా అన్న” అని గుర్తుచేశాడు వెళ్ళేటప్పుడు.

“చెరుపుతాలే, నువ్వెళ్ళు” అన్నాను. కొత్తదాన్ని వైయోలాకు పంపాను. అసలుదాన్ని చెరపడానికి మాత్రం చెయ్యి రాలేదు.

ఆ వారమంతా టైర్ల దుకాణం ముందు ఏ ట్రక్కు ఆగినా లేచి కిటికీలోంచి తొంగి చూశాను. శనివారం ఫలనికో మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ వచ్చాడు. వైయోలా ఇంటికి ఫోను చేసి, చూశాను, సరిపోయింది, అయిపోయింది అందట. తమ్ముళ్ళు కత్తులు తీసుకుని కొబ్బరితోటకు వెళ్ళారట. రెండు కుటుంబాలూ ఆదివారం ఒకే చర్చిలో కూర్చుంటాయట. ఫలనికో నా భుజాలు పట్టి ఊపేశాడు. నాకూ నవ్వు వచ్చింది, చాలా రోజుల తర్వాత.

ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి వచ్చి భోజనాలు చేసి ఊరంతా నిద్రపోయే వేళ, నా ఫోను మోగింది.

“అక్కా, తీరిగ్గా ఉన్నావా?”

“ఆదివారం కదమ్మా, చెప్పు.”

“మొత్తం చూశాను. ఎక్కడా ఆగలేదు.”

“మంచిదమ్మా.”

“బాగా చేశావు” అంది వైయోలా. మళ్ళీ తనే అందుకుంది.

“ముందు పంపినదాంట్లో కోడి పిల్లలతో వచ్చి మట్టి గీకింది. అప్పుడు చాప కదల్లేదు. ఇప్పుడు పంపినదాంట్లో అదే కోడి, అవే పిల్లలు. చాప కదులుతోంది.”

“సాఫ్ట్‌వేర్‌లో ఒక్కోసారి అలా...”

“అక్కా, నేను ముసలివాళ్ళ ఆశ్రమంలో పనిచేస్తాను. దుప్పట్లు మార్చడం, ఉతకడం, అదే పని. ఊపిరి ఉన్న మనిషి మీద దుప్పటి ఎలా ఉంటుందో, లేని మనిషి మీద ఎలా ఉంటుందో నాకు గుమ్మంలోంచి చూస్తే తెలుస్తుంది. అది చూడగానే తెలిసింది. అందుకే ఆగిపోతోంది అని నీకు ఫోను చేశాను. వీడియోలోనే తప్పుంది అని నువ్వంటావేమోనని ఆశపడ్డాను.”

“మరి మీవాళ్ళకు సరిపోయింది అని చెప్పావు కదమ్మా.”

“ఇంకేం చెప్పమంటావు? చివర్లో తెరల వెనక మోగే ఫోను నేను చేసిందే, పని అయ్యాక. నేను చెప్పాకే చాప తీశారు.”

“అప్పటిదాకా పనిలో ఉన్నావు కదా. నీకెలా తెలుస్తుంది, ఫోను దగ్గర లేకపోతే?”

“ఉంది” అంది. “టీ వేళ, పనిచోట ఫోను దాచుకునే పెట్టె తెరిచి చూశాను. తమ్ముడు ఎన్నిసార్లు చేశాడో. ‘చాప తీయమంటావా అక్కా, ఎండ ఎక్కువగా ఉంది’ అని రాశాడు కూడా. చదివి, మళ్ళీ ఫోను పెట్టెలో పెట్టి తాళం వేసి పనికి వెళ్ళిపోయాను. మా యెరోమె ఆ రోడ్డు మీద ఒక్కడే పడి ఉన్నాడు కదా, ఈయన కూడా కాసేపు అలా ఉండనీ అనుకున్నాను. కాసేపే అనుకున్నానక్కా.”

ఆమె ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండుననిపించింది.

“అసలుది చెరిపేశావా?”

“చెరిపెయ్యమన్నారు.”

“చెరిపావా?”

“లేదు.”

“నాకు పంపు. నా దగ్గరున్నదాన్ని పొరపాటున తీసేశాను. కూర్చుని చూస్తాను.”

“ఎందుకమ్మా మళ్ళీ? అయిపోయింది కదా. నీ తమ్ముళ్ళు బతికి బట్టకట్టారు, వాళ్ళ పిల్లవాడూ బతుకుతాడు. ఇంకెందుకు మనసు కష్టపెట్టుకుంటావు?”

“మనలో పోయినవాళ్ళను ఒంటరిగా వదలరు కదక్కా. పాతిపెట్టేదాకా పక్కన ఎవరో ఒకరు కూర్చుంటారు. ఆయన చుట్టూ అంతమంది ఉన్నారు, ఒక్కరు కూడా ఆయన పక్కన కూర్చోలేదు. పోయాడని తెలిస్తే కదా. నేను కూర్చుంటాను.”

పంపాను. ఫోను పెట్టెయ్యకు అని చెప్పి, నేల మీద చాప పరుచుకుని, కాళ్ళు మడుచుకుని కూర్చున్నాను. అక్కడ ఆమె, ఇక్కడ నేను, ఒకేసారి మొదలుపెట్టాం. వేగం పెంచలేదు.

నీడ చాప మీంచి తొలగింది. ఎండ పడింది. చాప ఇంకా పొంగుతోంది, తగ్గుతోంది.

“తీయండ్రా” అంది వైయోలా, మెల్లగా, నాతో కాదు. “తమ్ముడూ, చాప తీసెయ్యి నాన్నా. ఎండగా ఉంది. తీసెయ్యి.”

దించిన తెరల వెనక నుంచి ఎవరూ రాలేదు. చాప ఎడమ పక్కకు కొంచెం ఒరిగింది.

“ఆగిపోయింది” అంది.

ఈసారి ఫోనులో జాగా చూసుకో అని నేను అనలేదు. ఆ ఇంట్లో ఫోను మోగేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.